ఖాలా అడిగిన సీడీ

పోయిన నెల తాండూరు నుంచి అమ్మ ట్రంకు పెట్టె వచ్చింది. అక్కడి ఇంట్లో అద్దెకుంటున్నవాళ్లు "ఆ ఒక్క పెట్టె గూడ తీస్కపోతే మేము బియ్యం బస్తాలు పెట్టుకుంటం" అని నాలుగుసార్లు ఫోన్ చేస్తే, ఇక తప్పక ట్రాలీ ఆటోలో వేయించుకుని వికారాబాద్ తెచ్చాను. అమ్మ నా దగ్గరికి వచ్చి నాలుగేళ్లవుతోంది. వచ్చేటప్పుడు ఆ పెట్టెను మాత్రం అక్కడే ఉండనిమ్మంది. ఎందుకని నేను అడగలేదు. ఎందుకో నాకు తెలుసు.

మూత ఎత్తగానే డాంబరు గోలీల వాసన గుప్పుమంది. నాయిన ధోవతులు, భజనలో ఆయన వాయించే చిడతలు, వాటి కింద ఎర్ర తువ్వాలలో చుట్టిన గుండ్రటి వస్తువు. ఆరో తరగతి చదివే నా బిడ్డ మొదట దాన్నే లాగింది.

"అమ్మా, గిదేంది? టిఫిన్ డబ్బనా?"

"కాదే. సీడీ ప్లేయర్. సీడీ పెట్టుకొని పాటలు ఇనేది."

"మోగుతదా?"

"మోగదు. ఖరాబైంది. పక్కింటోళ్ల చార్జర్ పెడితే కాలిపోయింది."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో! ఇరవై ఏళ్లకు పైగా మా ఇంట్లో ఎక్కాల పుస్తకంలా వల్లించిన మాట అది. అనేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. మంచం మీద కూర్చున్న అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మా తాండూరు ఇల్లు ఊరి చివర, బండల పాలిష్ యూనిట్ల పక్కన ఉండేది. పొద్దున లేస్తే రాయి కోసే చప్పుడు. ఆరేసిన బట్టల మీద, ఆవకాయ జాడీ మూత మీద, మా కనురెప్పల మీద తెల్లటి దుమ్ము. ఇళ్ల మధ్య గోడలు కూడా బండలే. నిలువుగా పాతి వరసగా నిలబెట్టేవాళ్లు. మా పెరడుకూ పక్కింటి పెరడుకూ మధ్య ఒక బండ మాత్రం పాతకుండా ఊరికే ఆనించి ఉండేది. దాన్ని జరిపితే దారి. ఆ దారిలో గిన్నెలు వెళ్లేవి, గిన్నెలు వచ్చేవి, గిన్నెల వెనక నేను వెళ్లేదాన్ని.

అవతల ఉండేది ఖాలా. ఉర్దూలో అమ్మ అక్కచెల్లెళ్లను అలా పిలుస్తారు. ఆమె చేసే ఖిచ్డీ, దాని మీద పోసే చింతపండు ఖట్టా నాకు ప్రాణం. గిన్నె ఎవరిదైనా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని ఆమె పట్టుదల. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు చక్కెర వేసైనా ఇచ్చేది. అమ్మ ఆమెను "అక్కా" అనేది, ఆమె అమ్మను "చెల్లె" అనేది. వాళ్లిద్దరూ బండకు ఇటొకరూ అటొకరూ కూర్చుని కందికాయలు ఒలుస్తూ మాట్లాడుకుంటుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయేవి.

నాయినా, ఖాలా భర్తా ఒకే పాలిష్ యూనిట్లో మిషన్ మీద పని చేసేవారు. ఇద్దరూ పెద్దేముల్ భజన గుంపులో కూడా జోడీ. నాయిన పాట, ఆయన ఢోలక్. "నువ్వు మా భజనల కొడుతున్నవేంది భాయ్" అని ఎవరైనా ఎగతాళి చేస్తే "తోలుకు కులమేంది తమ్మి" అని నవ్వేవాడట. ఆయన నాకంత బాగా గుర్తు లేడు. దగ్గు మాత్రం గుర్తుంది. ఆ దగ్గుతోనే పోయాడు. ఆయన పోయిన మరుసటి ఏడు అదే దగ్గు మా ఇంట్లోకి వచ్చింది.

వానలు మొదలయ్యేసరికి నాయినను వికారాబాద్ గుట్ట మీద ఛాతీ దవాఖానలో చేర్పించారు. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే ఉందన్నారు. రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఊపిరి అందేది కాదు. ఎనిమిది ఊళ్లలో పాడిన మనిషి మంచినీళ్లు అడగడానికి చెయ్యి చూపించేవాడు.

అప్పుడు కోరాడు ఆ కోరిక. "పాడ్తందుకు నాకు దమ్ము లేదు. జర ఇంటందుకన్న ఉండాలె గదా."

పెద్దేముల్‌లో ఎప్పుడో వాళ్ల భజనను ఎవరో క్యాసెట్లో పట్టారు. తాండూరులో పాటలు ఎక్కించే దుకాణంలోకి కొత్తగా కంప్యూటర్ వస్తే, నాయిన ఆ క్యాసెట్‌ను సీడీ చేయించాడు. ఆ తర్వాత క్యాసెట్ టేపు చుట్టుకుపోయి తెగిపోయింది. మిగిలింది ఆ ఒక్క సీడీ. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా మామ సంగతి విని తన సీడీ ప్లేయర్‌ను బావ కోసం ఇచ్చేశాడు. అరచేతికి కొంచెం పెద్దది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, దాంట్లోంచి అంత గుంపు పాట ఎలా వస్తుందో నాకు ఆశ్చర్యంగా ఉండేది.

మామ మా ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ఇక్కడ నొక్కితే మూత లేస్తుంది. మెరిసే వైపు వేలు పెట్టొద్దు. కింద రెండు పెన్సిల్ సెల్లులు. ఇది నొక్కితే మోగుతుంది, ఇది నొక్కితే ఆగుతుంది. "మిగిలిన బొడిపెల జోలికి పోకుండ్రి, ఖరాబైతది" అని చెప్పి వారంలో విమానం ఎక్కాడు. మేము పోలేదు. పోయి ఉంటే బాగుండేది.

చవక సెల్లులు. మోగడం మొదలుపెట్టాక మూడో పాట మధ్యలో గొంతు తెగితెగి ఆగిపోయేది. భజన పాటంటే ఒక్కోటి పది పన్నెండు నిమిషాలు. అమ్మ ఆ సెల్లులను తీసి పెరట్లో కాలిన బండ మీద ఎండకు పెట్టేది. "చలికి పండుకున్నయి, ఎండకు లేస్తయి" అనేది. ఖాలా వైద్యం వేరు. "పంటితోని జర నొక్కు బేటా, లోపలున్నది కదుల్తది." నేను నొక్కేదాన్ని. నాలుక మీద ఇనుము రుచి. నిజంగానే ఇంకో అర పాట మోగేది. అమ్మ చూడనప్పుడు సీడీ తిరుగుతుండగానే మూత ఎత్తి, అది ఆగే లోపల గోడ మీద పడే రంగులు చూసి మూసేసేదాన్ని. దానికి కూడా సెల్లు ఖర్చవుతుందని ఎవరు చెప్పారు నాకు?

నాలుగో పాటలో ఖాలా భర్త ఢోలక్ ఒక్కటే చాలాసేపు వాయిస్తాడని నాయిన చెప్పేవాడు. పాడేవాళ్లంతా ఆగిపోతారట. ఖాలా ఒక సాయంత్రం మా గడప మీద కూర్చుని, ఒక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దాని కోసం ఎదురుచూసింది. మూడో పాట దగ్గర సెల్లు పోయింది. "ఫికర్ లేదు, మల్ల ఇంట" అని లేచింది. ముందరికి జరిపే బొడిపె ఒకటి ఆ ప్లేయర్ మీదే ఉంది. దాని జోలికి పోవద్దన్నారని మేము పోలేదు.

ప్రతి ఆదివారం అమ్మా నేనూ పొద్దుటి ప్యాసింజర్ ఎక్కేవాళ్లం. జొన్నరొట్టె, పప్పు, నాయినకు బట్టలు. ప్లేయర్ నా ఒళ్లో; వార్డులో ఉంచితే ఎవరైనా ఎత్తుకుపోతారని మళ్లీ ఇంటికే తెచ్చేవాళ్లం. ధారూర్ దాటాక కిటికీలోంచి తడి మట్టి వాసన వచ్చేది. వికారాబాద్ స్టేషన్ బయట సీతాఫలాల గంపలు. అమ్మ ఒకటి కొనేది, గింజలు తీసి నాయిన నోట్లో పెట్టేది. గుట్ట మీద ఎప్పుడూ మబ్బే. వార్డులో ఫినాయిలు వాసన, వరసగా ఇనుప మంచాలు, మంచానికొక దగ్గు.

ఒక ఇయర్‌ఫోన్ నాయిన చెవిలో, ఒకటి నా చెవిలో. పాట సగంలో ఆగితే నాయిన కళ్లు తెరిచేవాడు. "నన్ను నేనే నడుమల ఆపుకున్నట్టయితది బిడ్డా" అన్నాడు ఒకసారి. ఆ మాట విన్నాక నాకు వారమంతా అన్నం సహించలేదు. ఇంటికొచ్చి బండ జరిపి ఖాలా దగ్గరికి పోయాను.

వాళ్ల టేపురికార్డర్‌కు ఒక చార్జర్ ఉందని నాకు తెలుసు. అదే అడిగాను. ఖాలా మేకుకు వేలాడుతున్న చార్జర్‌ను దించి అటూ ఇటూ తిప్పింది.

"ఇది మా టేపుది బేటా. దానికి అయితదో కాదో. మీ అమ్మకు చెప్పు, దుకాణపాయనకు ఒకసారి చూపిచ్చి పెట్టుండ్రి."

"అమ్మకు చెప్పిన ఖాలా. దుకాణంల గూడ అడిగిన."

రెండూ అబద్ధాలే. ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసి ఇచ్చింది. "మీ నాయిన మంచిగ విన్నంక నాకు గూడ ఇనిపియ్యి. మా ఆయన చెయ్యి ఉన్నది గదా అందుల."

ఆ ఆదివారం నాయిన మంచం పక్క గోడకు ఉన్న ప్లగ్గులో దాన్ని పెట్టాను. ప్లేయర్ మోగింది. "యాడిది ఇది?" అంది అమ్మ. "ఖాలా ఇచ్చింది" అన్నాను. అమ్మ ముఖం విచ్చుకుంది. "అక్క మనసు బంగారం" అంది.

మొదటి పాట, రెండో పాట, మూడో పాట. ఆగలేదు. నాలుగో పాటలో గొంతులన్నీ ఒక్కసారి తగ్గి ఢోలక్ ఒక్కటే మిగిలింది. నాయిన వేళ్లు మంచం ఇనుప పట్టీ మీద తాళం వేశాయి. కళ్లు మూసుకునే ఉన్నాడు, కళ్ల పక్క నుంచి నీళ్లు చెవిలోకి కారుతున్నాయి.

"గీడ చూడు బిడ్డా... వాడు కొడ్తుంటే... నాకు దమ్ము తీస్కునే జాగ దొర్కేది."

సీడీ మొత్తం రెండుసార్లు విన్నాడు. బండి టైమయ్యాక, "దీన్ని తీస్కపోయి మీ ఖాలాకు ఇనిపియ్యి. మల్లా ఐతారం తేండ్రి" అన్నాడు. నన్ను ముట్టనివ్వకుండా ప్లేయర్‌ను తనే ఒళ్లోకి తీసుకున్నాడు. నాయినకు ఒక పట్టింపు. ఒకసారి వాళ్ల యూనిట్లో కరెంటు పోయి, మళ్లీ వచ్చినప్పుడు మిషన్ దానంతటదే తిరిగి ఒకాయన రెండు వేళ్లు పోయాయి. అప్పటి నుంచి పని దిగేముందు ఉన్న ప్రతి స్విచ్చినీ చేత్తో బంద్ చేసి, ఇంకోసారి తడిమి చూసి గానీ కదిలేవాడు కాదు. ఇంట్లో రేడియో అయినా, నల్లా అయినా అంతే. ఆ రోజూ అలాగే పాట ఆపాడు, చార్జర్ పీకాడు, సెల్లులు తీసి నా చేతిలో పెట్టాడు, పక్కనున్న బొడిపెను కూడా బొటనవేలితో జరిపాడు, చుట్టూ తడిమి చూశాడు. "అన్ని బంద్ చేసిన. ఇగ భయం లేదు" అని ఎర్ర తువ్వాలలో చుట్టి ఇచ్చాడు.

మరునాడు ఖాలా కొంగు చివర కొత్త సెల్లులు ముడేసుకుని వచ్చింది. తలకు నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని, పెళ్లికి పోతున్నట్టు వచ్చింది. సెల్లులు వేశాను. నొక్కాను. చిన్న కిటికీలో ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఒక్క క్షణం మెరిసి మాయమయ్యాయి. సీడీ తిరగలేదు. చార్జర్ పెట్టి చూశాను. మళ్లీ అవే అక్షరాలు, మళ్లీ మాయం. దాని కొసప్రాణం అలా కొట్టుకుంటోందనుకున్నాం.

అమ్మ దాన్ని పట్టుకుని బజారుకు పరుగెత్తింది. రేడియోలు బాగుచేసే ఆయన విప్పను కూడా విప్పలేదు. "వేరేదాని చార్జర్ పెట్టిండ్రా? అయితే లోపల బోర్డు కాలింటది" అన్నాడు. అంతే, తీర్పు అయిపోయింది.

అమ్మ అంత కోపంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, దుమ్ము మీదా దగ్గు మీదా దేవుడి మీదా ఉన్నదంతా బండకు అవతల నిలబడ్డ మనిషి మీద పోసింది.

"తెలువకపోతే ఎందుకిచ్చినవ్? ఆయనకున్నదే గదొక్కటి! నీ మొగడు పోయిండని నా మొగని పాట గూడ కాలబెట్టినవా?"

ఖాలా నావైపు చూసింది. ఒక్క మాట చాలు. "చూపిచ్చి పెట్టమన్న గదా" అంటే చాలు. నేను నేలను చూస్తున్నాను. కాలి బొటనవేలితో దుమ్ములో గీతలు గీస్తున్నాను.

"తప్పయింది చెల్లె" అంది ఖాలా. నా అబద్ధాన్ని తన కొంగులో కట్టేసుకుంది. "ఆ సీడీ ఒక్కటి ఇయ్యి. యాడన్న పెట్టిచ్చుకొని ఒక్కసారి ఇని, మల్ల ఇస్త" అంది.

"ఇయ్య. ఉన్నది గూడ ఖరాబు చేస్తవ్" అని అమ్మ బండను అడ్డంగా జరిపింది. ఆ వారమే యూనిట్ నుంచి ఇద్దరు మనుషుల్ని పిలిపించి దాన్ని లోతుగా పాతించి, సందుల్లో సిమెంట్ పూయించింది.

ఆ ఆదివారం ఉత్త చేతులతో పోయాం. సంగతి విని నాయిన, "పోనియ్యి, అక్కను ఏమనకు" అన్నాడు. అప్పటికే అనేసిందని మేము చెప్పలేదు. ఆ తర్వాత ఆయన పాట ఊసెత్తలేదు. ఒక్కోసారి మాత్రం వేళ్లు మంచం పట్టీ మీద కదిలేవి, నాలుగో పాట లెక్కలో.

కందులు కోసే రోజుల్లో నాయిన పోయాడు. తాండూరు తెచ్చాక, ఆడవాళ్లంతా మా వాకిట్లో ఏడుస్తుంటే, బండ పైనుంచి ఖాలా తల మీది తెల్ల దుప్పట్టా అంచు కనిపిస్తూ ఉంది. అది పొద్దంతా అక్కడి నుంచి కదల్లేదు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అనవలసింది అమ్మ. అమ్మకు చెప్పవలసింది నేను.

ఎండాకాలంలో ఖాలా ఇల్లు అమ్ముకుని సేడంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోయిన రోజు మా గడప మీద ఒక స్టీలు గిన్నె కనిపించింది. ఎప్పుడో మేమిచ్చిన గిన్నె. అందులో చక్కెర. అమ్మ ఆ చక్కెరను చీమలకు పోసి, గిన్నె కడిగి బోర్లించింది. అప్పుడు ఏడ్చింది.

ఇవన్నీ నా బిడ్డకు ఏం తెలుసు? ట్రంకు వచ్చిన ఆ మధ్యాహ్నమే, నేను వంటింట్లో ఉండగా, అది కుర్చీ ఎక్కి హాల్లో గడియారం సెల్లు ఒకటి, పడగ్గదిలో గడియారం సెల్లు ఒకటి పీకింది. రెండూ ప్లేయర్‌లో వేసి నొక్కింది.

"అమ్మా, ఇది ఖరాబు గాలే! లాక్ చేసి ఉన్నది, మన ఫోన్ లాక్ చేసినట్టు. చూడు, పక్కకున్న ఈ బటన్."

గోటితో జరిపింది. లోపల ఏదో సన్నగా తిరగడం మొదలైంది.

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నా కళ్ల ముందు నాయిన బొటనవేలు. అన్ని బంద్ చేసిన, ఇగ భయం లేదు. బోర్డు కాలలేదు, చార్జర్ తప్పు లేదు, ఖాలా తప్పు అసలే లేదు. ఇరవై ఏళ్లుగా అది చుట్టిపెట్టిన తువ్వాలలో బాగానే ఉంది. ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి, ఆ బొడిపెను వెనక్కి జరిపి ఉంటే!

అమ్మ దగ్గరికి వెళ్లి ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాను, ఒకటి నా చెవిలో. గరగరమనే చప్పుడు, తాళాలు, గొంతు సవరించుకోవడం, తర్వాత నాయిన. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నాలుగో పాట రావాలంటే ఇంకా చాలాసేపు పడ్తది" అన్నాను.

"నెక్స్ట్ నొక్కితే అయిపాయె గదా" అని నా బిడ్డ మూడుసార్లు నొక్కింది.

ఢోలక్ వచ్చేసరికి అమ్మ కళ్లు మూసుకుంది. అది అయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పాను. చార్జర్ నేనే అడిగానని, ఖాలా చూపించి పెట్టమందని, అమ్మకు చెప్పానని అబద్ధమాడానని, బొడిపె జరిపింది నాయినేనని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను పట్టుకున్నది బూడిద. అమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

కొంగు సర్దుకుని అడిగింది. "సేడం బండి ఎన్ని గంటలకున్నది?"

"ఎందుకమ్మా?"

"ఈ సీడీ ఆమెకిచ్చి రావాలె. నేనే పోత. కాల్లు మొక్కి ఇస్త."

రెండేళ్ల క్రితం ఖాలా కూతురు నాకు ఫోన్ చేసింది. మా ఇంట్లో ఆ పేరు ఎత్తే అలవాటు లేక, ఆ కబురు కూడా అమ్మకు చెప్పకుండా మింగేశాను. మళ్లీ నా నోరే, మళ్లీ అదే మౌనం. ఈసారి మాత్రం నేలను చూడలేదు.

"అమ్మా, ఖాలా పోయి రెండేండ్లాయె."

అమ్మ ఇయర్‌ఫోన్ తీసి తీగను మెల్లగా వేళ్లకు చుట్టింది. మూత ఎత్తి సీడీ బయటికి తీసింది. మెరిసే వైపు వేలు తగలకుండా, అంచులు పట్టుకుని, మామ చెప్పినట్టే తీసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని నన్నే అడిగింది.

"మరి ఇదెవరికియ్యాలె బిడ్డా?"